డైట్ చార్టులో మన చేప పేరు రాయండి

ఈ మధ్య మా బావకు షుగర్ బయటపడింది. ఆస్పత్రిలో మందుల చీటీతో పాటు ఒక డైట్ చార్టు కూడా చేతికిచ్చి పంపించారు. వారానికి సరిపడా గళ్లు గీసి, ఏ పూట ఏం తినాలో రాసిన కాగితం. బుధవారం రాత్రి గడిలో పాన్ సియర్డ్ వైట్ ఫిష్, 150 గ్రాములు, దాంతో ఉడికించిన కూరగాయలు అని ఉంది. ఏ చేపో కూడా రాశారు: కాడ్, లేకపోతే బాసా. బావ కర్నూలు పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి, ఊహ తెలిసినప్పటి నుంచి తుంగభద్ర చేప తిన్నవాడు. అట్లాంటాయన ఆ కాగితం పట్టుకుని సూపర్ మార్కెట్ ఫ్రీజర్ దగ్గర నిలబడి, "బాసా అంటే ఏదమ్మా?" అని కౌంటర్లో ఉన్న పిల్లను అడిగాడు. కాడ్ ఎట్లాగూ దొరకదు. అది ఉత్తర అట్లాంటిక్ చలినీళ్లలో బతికే చేప.

ఆ చార్టు రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. నూనె తక్కువగా వేసి పెనం మీద కాల్చిన తెల్ల చేప షుగర్ ఉన్నవాళ్లకే కాదు, అందరికీ మంచి తిండి. కాకపోతే ఆ మేలు కోసం ఫ్రీజర్ దాకా పోవాల్సిన పని లేదన్నది నా వాదన. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల జలాశయాల్లో దొరికే చేప, ఇంట్లో ఉన్న రొట్టెల పెనం, పక్కన ఒక జొన్నరొట్టె చాలు. చార్టులో రాసినదానికంటే మేలైన పూట అవుతుంది. డైట్ చార్టులు రాసేవాళ్లు ఇక్కడి చేపల పేర్లే రాయాలి. ఇదేం పెద్ద విషయమని కొందరికి అనిపించొచ్చు. రెండో వారానికే బావ ఆ బుధవారం గడిని వదిలేశాడు. అందుకే దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

తెల్ల చేపలో ఉన్నదేమిటి, లేనిదేమిటి

తెల్ల చేపంటే కండలో కొవ్వు బాగా తక్కువుండే చేప. పచ్చి కాడ్ కండ 100 గ్రాముల్లో సుమారు 18 గ్రాముల ప్రొటీను ఉంటుంది. కొవ్వు ఒక గ్రాము కూడా ఉండదు. కేలరీలు 80 పైచిలుకు. ఇప్పుడు మన చేపలు చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్నో ఏళ్లుగా అచ్చువేస్తూ వచ్చిన పట్టికల్లో మనం రవ్వ అని పిలిచే రోహుకు 16.6 గ్రాముల ప్రొటీను, 1.4 గ్రాముల కొవ్వు అని ఉంటుంది. బొచ్చెకు 19.5 గ్రాముల ప్రొటీను, 2.4 గ్రాముల కొవ్వు. జిలేబి చేప, అంటే తిలాపియా, దాదాపు 20 గ్రాముల ప్రొటీనుతో వీటికి ఏమాత్రం తీసిపోదు. ఈ లెక్కలన్నీ పక్కపక్కన పెట్టుకుంటే కాడ్‌కు ప్రత్యేకంగా పెద్దపీట వేయాల్సిన కారణమేదీ నాకు కనపడలేదు.

కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీను కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్తుంది. 60 కిలోల మనిషికి అది 50 గ్రాములు. ముల్లు తీసేసిన రవ్వ కండ 150 గ్రాములు తింటే అందులో సగం ఒక్క పూటలోనే వస్తుంది, అదీ 150 లోపు కేలరీలతో. దాంతో పాటు మొక్కల నుంచి వచ్చే తిండిలో దొరకని బి12 కూడా వస్తుంది. అన్నం ఎక్కువగా, పప్పు పలచగా తినే మన ఇళ్లలో ఇది చిన్న లాభమేం కాదు.

కానీ చార్టు ఇచ్చేటప్పుడు బావకు ఇంకో మాట కూడా చెప్పారు. చేపలో ఒమేగా-3 ఉంటుంది, గుండెకు మంచిదని. ఇక్కడే నాకు పేచీ. ఒమేగా-3 ఉండేది కొవ్వులో. కొవ్వు లేదనే కదా తెల్ల చేపను ఎంచుకున్నది! కాడ్ తన కొవ్వును కండలో పెట్టుకోదు, కాలేయంలో దాచుకుంటుంది. మందుల షాపుల్లో దొరికే కాడ్ లివర్ ఆయిల్ ఆ కాలేయంలోంచి తీసిందే. కాడ్ కండలో ఒమేగా-3 ఉండేది 100 గ్రాములకు 0.2 గ్రాముల లోపు. బాసాలో ఇంకా తక్కువ. మన రవ్వలో, బొచ్చెలో కూడా పెద్దగా ఉండదు, ఆ మాట దాచిపెట్టను. అదే కానాగంతల్లో, కవళ్లలో చాలా ఎక్కువగా ఉంటుంది. వారానికి రెండుసార్లు చేప తినమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పేటప్పుడు కొవ్వున్న చేపను ప్రత్యేకంగా తినమంటుంది. గుండె కోసమే అయితే చార్టులో రాయాల్సింది కానాగంతలు. ప్రొటీను కోసం, బరువు తగ్గడం కోసం అయితే తెల్ల చేప. రెండిటినీ కలిపేసి ఒకే గడిలో రాస్తే తినేవాడికి ఏది దేనికో తెలియకుండా పోతుంది.

కానాగంతలు మనకు కోస్తా నుంచి ఐసులో రావాలి. వచ్చేసరికి కళ్లు గుంటలు పడి, పొట్ట మెత్తబడిన సరుకు మార్కెట్లో ఎన్నోసార్లు చూశాను. కొవ్వున్న చేప తొందరగా చెడిపోతుంది కూడా. కాబట్టి మన ఊళ్లకు అది ప్రతి వారం కుదిరే పని అని గట్టిగా చెప్పలేను. దొరికినప్పుడు, మొప్పలు ఎర్రగా ఉన్నప్పుడు తీసుకోవాలి, అంతే.

బాసా పెనమెక్కితే

అక్క ఆ ఫిల్లెట్లను వండే రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. తెల్లగా, నున్నగా, ముల్లు అన్నదే లేకుండా ఉన్నాయి. నాన్‌స్టిక్ పాన్‌లో ఒక చెంచా నూనె వేసి, వేడెక్కాక ఒక ముక్క పెట్టింది. చుయ్‌మనాల్సిన చోట బుడబుడమని శబ్దం వచ్చింది. నిమిషం తిరిగేసరికి ముక్క చుట్టూ పాలలాంటి నీళ్లు ఊరాయి. అవి ఇగిరిపోయేదాకా ఆగితే ముక్క కుంచించుకుపోయి రబ్బరులా సాగింది. తిప్పబోతే రెండుగా విరిగింది. రంగు మాత్రం ఎక్కడా రాలేదు. బావ రెండు ముద్దలు తిని, "ఆస్పత్రిలో తిన్నట్టే ఉంది" అని పళ్లెం పక్కకు జరిపాడు.

తప్పు అక్క చేతిలో లేదు. ఇట్లాంటి గడ్డకట్టిన ఫిల్లెట్లను చాలాచోట్ల పాలీఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో నానబెడతారు. కండ ఆ నీటిని పట్టుకుని బరువు పెరుగుతుంది. పైన మంచుపొర వేస్తారు, అదీ బరువే. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉన్నదేమిటో చదవడం మనకు అలవాటు లేదు. నీళ్లు చేరేకొద్దీ 100 గ్రాములకు వచ్చే ప్రొటీను తగ్గుతుంది. చార్టులో 150 గ్రాములని రాసినవాళ్లు లెక్కేసుకున్నది కండ బరువు. పళ్లెంలోకి వచ్చినది కండా, నీళ్లూ.

బాసా పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. ముల్లు ఉండదు. చిన్నపిల్లలకు, పళ్లు లేని పెద్దవాళ్లకు పెట్టేటప్పుడు ఆ ధైర్యం ఎంత విలువైనదో ఇంట్లో అట్లాంటివాళ్లు ఉన్నవాళ్లకు తెలుసు. ధర కూడా మరీ ఎక్కువేం కాదు. ఒకప్పుడు వియత్నాం నుంచే వచ్చేది, ఇప్పుడు మన కోస్తా చెరువుల్లోనూ ఆ జాతి చేపను పెంచుతున్నారు. తాజాగా దొరికితే అది మంచి చేపే. నా అభ్యంతరం ఆ చేప మీద కాదు. ఆరోగ్యం అనే మాటకు ఆ ఒక్క ప్యాకెట్టే దారన్నట్టు రాయడం మీద.

మన పెనం, మన చేప

పెనం మీద కాల్చడానికి కావాల్సిన గుణం కర్నూలు మార్కెట్లో కొర్రమీనుకు ఉంది. కండ గట్టిగా, తెల్లగా ఉంటుంది. రవ్వలో, బొచ్చెలో కండ మధ్యన ఉండే సన్నటి చీలిక ముళ్లు దీంట్లో ఉండవు. మధ్య ముల్లు తీసేస్తే ముక్క ముక్కంతా కండే. పైగా ఇది గాలి పీల్చి బతికే చేప కాబట్టి తొట్లో ప్రాణంతోనే అమ్ముతారు. ఎన్నాళ్ల కిందటిదో, ఎన్నిసార్లు గడ్డకట్టించారో అన్న అనుమానం అక్కర్లేదు. నేను మామూలుగా తీసుకునే చోట అమ్మే ఆమె, "ఏం కావల్లక్కా, కొర్రమీనా?" అంటూనే చేయి పెట్టి ఒకదాన్ని పట్టుకుంటుంది. జారిపోకుండా బూడిద పూసి, బండకేసి రుద్ది, నిమిషాల్లో శుభ్రం చేసి ఇస్తుంది. తోలు తీయొద్దు, ముక్కలు అడ్డంగా కాకుండా వెన్ను పొడుగునా చీల్చి ఇమ్మని మొదటిసారి చెప్పినప్పుడు వింతగా చూసింది. "పులుసుకు కాదా అక్కా?" అంది. పెనం మీద కాల్చడానికంటే, "అయితే నడిమి భాగమే తీసుకో, తోక పక్క తొందరగా ఎండిపోతాది" అని తనే చెప్పింది. ఆ సలహా నూటికి నూరుపాళ్లు సరైంది.

కొర్రమీనుతో చిక్కు ధర. రవ్వకు పెట్టే డబ్బుకు రెండు మూడింతలు పెట్టాలి. వారం వారం అందరూ కొనగలరని నేను అనుకోను. అందుకే రవ్వ, జిలేబి సంగతి కూడా చెప్తాను. జిలేబి చవక. చిన్నదైతే చేపను అట్లాగే ఉంచి రెండు పక్కలా లోతుగా గాట్లు పెట్టి కాల్చవచ్చు. రవ్వనైతే వేలు మందాన అడ్డంగా కోయించుకుని, పొట్ట వైపు ముక్కలు ఎంచుకోవాలి. అక్కడ సన్న ముళ్లు తక్కువ, ఉన్నవి పెద్దవి, తీసేయడం సులువు.

ఇక కాల్చడం. జొన్నరొట్టెలు కాల్చి కాల్చి నల్లగా నిగనిగలాడే ఇనుప పెనం కంటే దీనికి మంచి పాత్ర లేదు. ముక్కలకు ఉప్పు రాసి పది నిమిషాలు ఉంచాలి. ఊరిన నీటిని పొడిబట్టతో అద్ది పూర్తిగా తీసేయాలి. అసలు కీలకం ఇదే. చేప మీద తడి ఉన్నంతసేపూ ఆ చోటు వంద డిగ్రీలు దాటదు, నీళ్లు మరిగి ఆవిరయ్యేదాకా చేప ఉడుకుతుందే తప్ప కాలదు. ఎర్రటి రంగూ, ఆ కమ్మటి వాసనా రావాలంటే 140 డిగ్రీలు దాటాలి. లోపల కండ ఉడకడానికి మాత్రం 60 డిగ్రీల పైన కొద్దిగా చాలు. బయట అంత వేడి, లోపల ఇంత తక్కువ. ఈ రెండిటి మధ్య తేడాను నిలబెట్టడమే పనంతా. పెనం బాగా కాలాక ఒక చెంచా శెనక్కాయ నూనె వేసి, తోలు వైపు కిందికి వచ్చేట్టు ముక్క పెట్టాలి. తోలు ముడుచుకోకుండా అట్లకాడతో అర నిమిషం అదిమిపెట్టాలి. తర్వాత కదిలించకూడదు. అంటుకున్నట్టు కనిపించినా, తోలు కాలగానే దానంతటదే వదిలేస్తుంది. పక్క నుంచి చూస్తే కండ కింది నుంచి పైకి తెల్లబడుతూ వస్తుంది. మూడొంతుల్లో రెండొంతులు తెల్లబడ్డాక తిప్పి, ఒక నిమిషం ఉంచి దించేయాలి. వేలితో నొక్కితే పొరలు పొరలుగా విడిపోతే అయిపోయినట్టే.

మన చేతివాటానికి ఇందులో కష్టమైనది ఒక్కటే: కారం ముందుగా పట్టించకూడదు. అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు కలిపి పూస్తే ఆ ముద్దలో తడి ఉంటుంది. తడి ఆరేలోగా కారం మాడుతుంది. మాడిన కారం ఘాటుకు ఇల్లంతా దగ్గుతారు. కారం వేరేగా, పళ్లెంలో. నిమ్మరసం కూడా దించాకే.

చెంచా నూనె అన్నాను. అది అయిదు మిల్లీలీటర్ల చెంచా, సుమారు 40 కేలరీలు. కర్నూల్లో ఒక హోటల్లో ఇదే వంటకాన్ని లెమన్ బటర్ సాస్‌తో ఇస్తారు. తెచ్చిపెట్టిన పళ్లెంలో చేప వెన్నలో తేలుతోంది. ఒక పెద్ద చెంచా వెన్నంటేనే 100 కేలరీలు. మూడు చెంచాలు పడితే సాస్ కేలరీలు చేప కేలరీలకు రెండింతలవుతాయి. రుచిగా ఉంది, కాదనను. అయితే మెనూలో హెల్తీ అనే శీర్షిక కింద దాన్ని చేర్చడం న్యాయం కాదు. అదే లెక్కన మన చేపల వేపుడు, కార్న్‌ఫ్లోర్ పట్టించి బాండీ నిండా నూనెలో వేయించినది, తెల్ల చేప మేలును చాలావరకు తుడిచేస్తుంది.

పళ్లెంలో మిగతాది

బావ ఆ గడిని వదిలేయడానికి రుచి ఒక్కటే కారణం కాదు. చేపా, ఉడికించిన కూరగాయలూ తిని పడుకుంటే రాత్రి పదకొండింటికి ఆకలేసేది. లేచి బిస్కెట్లు తినేవాడు. మైదా, చక్కెర, నూనె. పొద్దున పరగడుపున చూస్తే చక్కెర తగ్గలేదు. చేప పని చేయడం లేదని ఆయన తేల్చేసుకున్నాడు. పొద్దున్నే పొలానికి పోయి వచ్చే మనిషికి, సంగటి ముద్దకో రొట్టెకో అలవాటుపడిన కడుపుకు, రాత్రి పూట పిండి పదార్థం పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో ఆ కాగితం రాసినవాళ్లు ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది.

ఒక జొన్నరొట్టె, కాల్చిన చేప, పచ్చి ఉల్లిపాయ, దోసకాయ ముక్కలు, కాస్త ఊరిబిండి (వేరుశెనగ పచ్చడి). ఈ పళ్లెం గురించి ఆలోచించండి. జొన్నల్లో 100 గ్రాములకు పది గ్రాముల ప్రొటీను ఉంటుంది కానీ అందులో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. చేపలో లైసిన్ పుష్కలం. రెండూ కలిసి తింటే జొన్న ప్రొటీను కూడా ఒంటికి బాగా పడుతుంది. ముల్లు తీసిన చేప కండలో కాల్షియం తక్కువ. సంగటితో తింటే ఆ లోటు తీరుతుంది, రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది. ఊరిబిండిలో శెనగ్గింజల కొవ్వు ఉంటుంది కాబట్టి ఒక చెంచాతో ఆపాలి. వంటకం ఒక్కదాని పోషక విలువ చూసి పొంగిపోవడం కంటే పళ్లెం మొత్తాన్ని చూడటం మేలు. రొట్టె ఒకటా, రెండా అన్నది మాత్రం షుగర్ ఎంతుందో చూసి డాక్టర్ చెప్పాలి. ఆ పని నేను చేయకూడదు.

పులుసు మాటేమిటి?

అమ్మ వాదన వేరే. "చేపంటే పులుసే. కారం, చింతపండు లేని చేప జబ్బుపడ్డవాళ్ల తిండి" అంటుంది. ఆమె మాటను కొట్టిపారేయలేను. పులుసులో చేప నీళ్లలో ఉడుకుతుంది కాబట్టి దేన్నీ మాడ్చం. కండలోంచి దిగిన సారమంతా పులుసులోనే ఉంటుంది, దాన్నీ తింటాం. తలకాయ, తోక, ఏదీ పారేయం. సంగటి నంజుకోవడానికి దానికి మించింది లేదు. ఇక్కడ ఇబ్బంది పెట్టేవి రెండు: తేలే నూనె, ఉప్పు. పులుపుకు, కారానికి సరిపడేట్టు ఉప్పు వేస్తూ పోతే బీపీ ఉన్నవాళ్లకు అది ఎక్కువవుతుంది. ఇంకొకటి, పులుసుంటే సంగటి ముద్ద ఒకటితో ఆగదు. అదీ మన అందరికీ తెలిసిందే.

కాబట్టి పులుసు మానేయమని నేను అనడం లేదు. నూనె తగ్గించి పులుసు పెట్టుకున్న ఇంట్లో చేప వారానికి రెండుసార్లు తింటున్నారంటే, నెలకోసారి అతిజాగ్రత్తగా ఫిల్లెట్ కాల్చుకు తినేవాళ్లకంటే వాళ్లే ముందున్నారు. జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కూడా వారానికి 100 నుంచి 200 గ్రాముల చేప తినమనే. మాంసమంటే కోడి, పొట్టేలు అన్నట్టుండే మన సీమలో అంత కూడా తినని ఇళ్లే ఎక్కువ. మృగశిర కార్తె నాడు చేపల కోసం బారులు తీరే జనం మిగతా ఏడాదంతా ఎక్కడికి పోతారా అనిపిస్తుంది. పెనం మీద కాల్చడం వల్ల అసలు లాభం నాకు ఇక్కడ కనిపిస్తుంది. చింతపండు నానబెట్టడం, మసాలా నూరడం, గంటసేపు పొయ్యి దగ్గర నిలబడటం ఏమీ లేదు. చేప శుభ్రం చేసి ఉంటే రొట్టె కాల్చిన పెనం మీదే పది నిమిషాల్లో అయిపోతుంది. ఆదివారం దాకా ఆగనక్కర్లేదు.

ఏ నీళ్ల చేప?

ఊరి చేప అంటే కళ్లు మూసుకుని కొనేయమని కాదు. కర్నూలు మురుగు హంద్రీలో ఎట్లా కలుస్తుందో వంతెన మీద నుంచి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఊరికి ఎగువన గాజులదిన్నెలో పట్టిన చేపా, ఊళ్లో హంద్రీ మడుగులో వలేసి పట్టిన చేపా ఒకటి కావు. సుంకేసుల చేపని, శ్రీశైలం వెనకజలాల చేపని అమ్మేవాళ్లు చెప్తారు. అడగండి, రెండు మూడు చోట్ల అడిగితే అబద్ధమో నిజమో తేలిపోతుంది. కడప వాళ్లకు మైలవరం, గండికోట ఉన్నాయి. అనంతపురం వాళ్లకు పెన్నా అహోబిలం జలాశయం (పీఏబీఆర్) ఉంది. కొర్రమీను వేరే చేపలను తినే చేప. అట్లాంటి చేపల్లో పాదరసం లాంటివి ఎక్కువగా పేరుకుంటాయి కాబట్టి మరీ పెద్దదాని కోసం పట్టుబట్టకుండా కిలో లోపు చేపనే తీసుకోవడం మంచిది.

చివరగా ఒక సంగతి, నా వాదనకే అడ్డొచ్చేది. పోషకాల లెక్క మాత్రమే చూస్తే, ఈ మొత్తం చర్చలో గెలిచేది తెల్ల చేప ముక్క కాదు, ముల్లుతో సహా నమిలేసే పరక చేపలు. ముల్లులో ఉన్న కాల్షియం అంతా ఒంట్లోకి పోయేది వాటితోనే. ధర తక్కువ. శ్రీశైలం వెనకజలాల్లో అవి రాశులు రాశులుగా పడతాయి. కానీ నిషేధించిన, సన్న కన్నులుండే అలివి వలలతో పెద్ద చేపల పిల్లలను కూడా కలిపి ఊడ్చేసి, గట్టున ఎండబెట్టి బయటికి పంపేస్తున్నారని అక్కడి మత్స్యకారులు గొడవ చేస్తూనే ఉన్నారు. ఆ పిల్లలు పెరిగితేనే కదా మనకు రవ్వ, బొచ్చె! అందుకని పరకలు కొనేటప్పుడు బుట్టలో ఏమున్నాయో కెలికి చూస్తాను. ఒకే రకం, ఒకే సైజు పరకలైతే తీసుకుంటాను. వేలెడంత బొచ్చె పిల్లలు కలిసి ఉంటే వదిలేసి, పక్క బుట్టలో జిలేబి చేప అడుగుతాను.